గదిలో దాగిన కన్నును పట్టే రెండు తీగముక్కలు

మూడు సెంటీమీటర్ల రాగి తీగ ముక్కలు రెండు. వాటి మధ్య బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన ఒక డయోడు. ఆ డయోడు రెండు కొసలకూ తగిలించిన ఒక మల్టీమీటరు, అంటే కరెంటు పనివాళ్ల సంచీలో ఉండే మామూలు మీటరే. దొంగచాటుగా వీడియో తీసి వైఫై మీద బయటికి పంపే కెమెరాను కనిపెట్టడానికి ఇంతకంటే సాదా పరికరం ఉండదు. మీటరులో ఉన్న బ్యాటరీ తప్ప దీనికి వేరే బ్యాటరీ కూడా అక్కర్లేదు. కెమెరా గాలిలోకి వదిలే శక్తే మీటరు మీద అంకెను కదిలిస్తుంది.

ఈ పరికరం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండవలసిన రోజులివి. 2024 ఆగస్టు 29 రాత్రి కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులోని ఇంజనీరింగ్ కాలేజీలో, అమ్మాయిల హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న మాట గుప్పుమంది. విద్యార్థినులు గదుల్లోంచి బయటికొచ్చి, న్యాయం కావాలంటూ రాత్రంతా నినదించారు. మర్నాడు మంత్రి, కలెక్టరు, ఎస్పీ కాలేజీకి వచ్చారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. పోలీసులు హాస్టల్లో వెదికారు, ఫోన్లు, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుని పరిశీలించారు. చివరికి కెమెరాలేవీ దొరకలేదని ప్రకటించారు.

గుడ్లవల్లేరు ఏలూరుకూ భీమవరానికీ ఎంతో దూరం కాదు. కొల్లేటికి అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా. పిల్లల్ని హాస్టళ్లలో పెట్టి చదివించని ఊరు ఈ రెండు డెల్టాల్లోనూ లేదు. కాబట్టి ఆ రాత్రి రేగిన ప్రశ్న ఒక్క కాలేజీది కాదు. ఒక గదిలో కెమెరా ఉంటే చూపించి నిరూపించవచ్చు. లేదని చెప్పాలంటే ఏం చేయాలి? ఎలా వెదికారో, ఏ పరికరంతో వెదికారో, ఆ పరికరానికి ఏది అందుతుందో, ఏది అందదో తెలిస్తే తప్ప ‘లేదు’ అన్న మాట వినేవాళ్ల మనసుకు ఎక్కదు. అందుకే ఆ పరికరాన్ని విప్పి చూడాలి.

వైఫై కెమెరా అంటే ఒక బుల్లి రేడియో స్టేషను. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో వదిలే అల సెకనుకు లక్షల సార్లు ఊగితే, వైఫై అల సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగుతుంది. దీన్నే 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. ఊగడం ఎంత వేగమైతే అల అంత పొట్టిది. ఈ అల పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. తీగ ముక్కలకు ఆ కొలత అక్కడి నుంచే వచ్చింది. అల పొడవులో పావు వంతున్న తీగలు రెండు ఎదురెదురుగా పెడితే అవి ఆ అలకు బాగా స్పందిస్తాయి. తీగను జానెడు పెట్టినా, అంగుళంలో సగానికి కత్తిరించినా స్పందన తగ్గిపోతుంది.

తీగలో పుట్టేది అటూ ఇటూ ఊగే కరెంటు. సెకనుకు 240 కోట్ల సార్లు దిశ మారే కరెంటును మామూలు మీటరు చదవలేదు. ముందుకు వచ్చినంతా వెనక్కి పోతుంది కాబట్టి దానికి కనిపించేది సున్నాయే. ఇక్కడే డయోడు పని మొదలవుతుంది. కోనసీమ దిగువన సముద్రానికి దగ్గరలో ఉండే మురుగు కాలవ తూముకు ఒక వేలాడే తలుపు పెట్టారనుకోండి. పొలం నీరు సముద్రం వైపు తోస్తే తలుపు తెరుచుకుంటుంది. పోటు వచ్చి ఉప్పునీరు వెనక్కి తోస్తే అదే తలుపు మూసుకుంటుంది. డయోడు కరెంటుకు అలాంటి తలుపు. ఊగే కరెంటులో ఒక వైపుది మాత్రమే దాటనిస్తుంది. దాటిన కరెంటు ఒక చిన్న కెపాసిటరులో, గాబులో నీళ్లలా నిలవ పడుతుంది. మీటరు చదివేది ఆ గాబు మట్టాన్ని.

ఈ తలుపు కొత్తది కాదు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 1890ల్లోనే మిల్లీమీటర్ల పొడవున్న రేడియో అలలతో ప్రయోగాలు చేశారు. వాటిని పట్టడానికి గెలీనా అనే సీసపు ఖనిజం మీద సన్నని లోహపు మొనను ఆనించి వాడారు. 1901లో అమెరికాలో దరఖాస్తు చేసిన ఆ పరికరానికి 1904లో పేటెంటు వచ్చింది. అర్ధవాహక పరికరానికి ప్రపంచంలో దక్కిన మొదటి పేటెంటుగా దాన్ని చెబుతారు. తర్వాత వచ్చిన జెర్మేనియం డయోడు కూడా ఆ పద్ధతిదే. చిన్న గాజు గొట్టంలో, స్ఫటికం మీద ఆనిన సన్నని తీగమొన. ఇంట్లో మూలపడిన పాత ట్రాన్సిస్టరు రేడియో ఉంటే, పాటను అల నుంచి విడదీసే చోట ఆ గాజు గింజ ఇప్పటికీ ఉంటుంది. రేడియో రిపేరు చేసేవాళ్లు దాన్ని ‘డిటెక్టరు’ అనే పిలుస్తారు. కెమెరా పసిగట్టే పనికి అదే డిటెక్టరు సరిపోతుంది. అది దొరక్కపోతే 1ఎన్5711 వంటి షాట్కీ డయోడు కొనుక్కోవచ్చు. మామూలు సిలికాన్ డయోడు పనికిరాదు. దాని తలుపు తెరుచుకోవాలంటే 0.6 వోల్టుకు పైగా తోపు కావాలి.

ఆ తోపు ఎంత వస్తుందో లెక్క వేస్తే ఈ పరికరం స్వభావమంతా బయటపడుతుంది. వైఫై కెమెరా గట్టిగా ప్రసారం చేసినా దాని శక్తి 100 మిల్లీవాట్ల ప్రాంతంలోనే ఉంటుంది. అది ఒక మీటరు దూరంలో ఉంటే మన తీగల్లో పుట్టేది సుమారు 0.07 వోల్టు. అంత కొద్దిపాటి తోపుకు డయోడు తలుపు సరిగా తెరుచుకోదు. మీటరులో ఒకటి రెండు మిల్లీవోల్టులు కదిలితే కదలవచ్చు, లేకపోతే లేదు. అదే 10 సెంటీమీటర్లకు, అంటే బెత్తెడు దూరానికి తెస్తే వోల్టేజి పది రెట్లు పెరిగి 0.7 వోల్టు దాకా వస్తుంది. అప్పుడు అంకె ఒక్కసారిగా ఎగురుతుంది.

బారెడు దూరంలో చెవిటిది, బెత్తెడు దూరంలో చురుకైనది. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. నిజానికి వెదికేవాళ్లకు ఇదే వరం. పక్కింటి రూటరు, కింది అంతస్తులో ఎవరిదో ఫోను, వీధిలో టవరు, ఇవన్నీ ఒకేసారి మోగించే డిటెక్టరు చేతిలో ఉంటే ఏం తేలుతుంది? అలాంటిది ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు చాలామంది రెండో రోజుకే దాన్ని సొరుగులో పడేయడానికి కారణం అదే. ఎక్కడ పెట్టినా కూస్తుంది. మన తీగముక్కల పరికరం దగ్గరికి పోయిన వస్తువు గురించే చెబుతుంది.

దీన్ని కట్టడంలో ఒక్క చోటే జాగ్రత్త కావాలి. డయోడు కాళ్లను బాగా పొట్టిగా కత్తిరించి, తీగ ముక్కలను దాని ఒంటికి వీలైనంత దగ్గరగా సోల్డరు చేయాలి. ఈ అలలకు 3 సెంటీమీటర్ల తీగే యాంటెన్నా అయినప్పుడు, వదిలేసిన డయోడు కాలు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. గాజు డయోడుకు వేడి ఎక్కువ తగిలితే పాడవుతుంది. కాలును నోస్ ప్లయరుతో పట్టుకుని, సోల్డరింగ్ ఐరన్‌ను రెండు క్షణాలకు మించి ఆనించకూడదు. డయోడు రెండు వైపుల నుంచీ చెరొక 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా మీటరుకు వైర్లు తీసుకోవాలి. ఈ రెసిస్టర్లు లేకపోతే వైర్లు కూడా అలలను పట్టడం మొదలుపెడతాయి. మీటరు వైపు 10 నానోఫారాడ్ల కెపాసిటరు ఒకటి అడ్డంగా పెట్టాలి. వైఫై సంకేతం ధారగా రాదు, తునకలు తునకలుగా వస్తుంది. తునకకూ తునకకూ మధ్య మట్టం పడిపోకుండా నిలబెట్టేది ఆ కెపాసిటరే. ఇదంతా ఒక ఐస్‌క్రీం పుల్లకు దారంతో కట్టేసినా చాలు. మీటరును 200 మిల్లీవోల్టుల డీసీ దగ్గర పెట్టాలి.

పాలిటెక్నిక్ పిల్లలైతే మీటరు బదులు సీఏ3130 లేదా ఎల్ఎం358 ఆప్-ఆంప్ చిప్ పెట్టి, వచ్చిన వోల్టేజిని వంద రెట్లు పెంచి ఎల్ఈడీ వెలిగించగలరు, లేదా బజ్జరు మోగించగలరు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏళ్లుగా మినీ ప్రాజెక్టుగా తిరుగుతున్న ‘మొబైల్ బగ్’ సర్క్యూటు దీని అన్నదమ్ముడే.

కట్టిన వెంటనే గదులు వెదకడానికి బయల్దేరకూడదు. ముందు దాన్ని పరీక్షించాలి. ఒక ఫోనులో 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టి, దాని మీద మరో ఫోను నుంచి వీడియో కాల్ నడిపి, ఆ ఫోన్లలో ఒకదాన్ని దిండు కింద దాచాలి. ఇంట్లోవాళ్లలో ఎవరినైనా వెదకమనాలి. తీగలను దిండుకు బెత్తెడు ఎత్తున, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పాలి. అల ఊగే దిశకు తీగ అడ్డంగా పడితే ఏమీ పలకదు, మణికట్టు తిప్పగానే అంకె లేస్తుంది. ఆ తేడాను చేతితో ఒక్కసారి అనుభవించినవాళ్లు తర్వాత ఏ వస్తువు ముందైనా మణికట్టు తిప్పకుండా ముందుకు పోరు.

గదిలో వెదికేటప్పుడు సొంత ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఆ తర్వాత మంచానికి, స్నానాల గదికి ఎదురుగా చూపు ఆనే వస్తువులన్నిటి దగ్గరికీ తీగ తీసుకుపోవాలి. దక్షిణ కొరియాలో 2019 మార్చిలో పోలీసులు బయటపెట్టిన కేసు ఈ విషయంలో పాఠం. పది నగరాల్లో 30 మోటళ్లలో 42 గదుల్లో కెమెరాలు పెట్టి, సుమారు 1,600 మంది అతిథులను నేరుగా ఇంటర్నెట్‌లో ప్రసారం చేశారు. కెమెరాలు దాచిన చోట్లు టీవీ బాక్సులు, గోడలోని ప్లగ్ సాకెట్లు, హెయిర్ డ్రయరు తగిలించే స్టాండ్లు. మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. మూడూ కరెంటుకు దగ్గర. రోజుల తరబడి నడవాల్సిన కెమెరాకు తిండి కావాలి కదా.

ఇప్పుడు చేదు నిజం. నేరుగా ప్రసారం చేయకుండా మెమరీ కార్డులో నింపుకునే కెమెరా ముందు ఈ పరికరం మౌనంగా ఉంటుంది. రాతి ముందు ఎంత మౌనంగా ఉంటుందో అంత. కదలిక కనిపించినప్పుడే మేలుకునే కెమెరా నిద్రలో ఉన్నా, 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తున్నా ఈ కొలత తీగలు సరిగా పలకకపోవచ్చు. అంకె కదిలితే అక్కడ ఏదో ప్రసారం ఉన్నట్టు. కదలకపోతే ప్రసారం పట్టుబడలేదని మాత్రమే అర్థం, కెమెరా లేదని కాదు. ఈ ఒక్క తేడా మరిచిపోయి గదికి ధ్రువీకరణ ఇచ్చేవాళ్ల చేతిలో డిటెక్టరు ఉండటం కంటే లేకపోవడమే మేలు.

కార్డు కెమెరాను పట్టించేది దాని కన్నే. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో రాత్రిపూట కారు లైట్లకు అడవి జంతువు కళ్లు తళుక్కుమనడం చూసినవాళ్లకు ఈ సూత్రం తెలిసినట్టే. కంటి కటకం వెలుగును లోపలి పొర మీద కేంద్రీకరిస్తుంది. పొర దాన్ని తిరిగి వచ్చిన దారినే పంపిస్తుంది. కెమెరా కటకం, దాని వెనక ఉన్న సెన్సరు అదే పని చేస్తాయి. గది చీకటి చేసి, టార్చిని చెంపకు ఆనించి, కంటి పక్క నుంచే వెలుగు వేస్తూ మెల్లగా వెదికితే గుండుసూది తలంత చుక్క మెరుస్తుంది. స్క్రూ తల కూడా మెరుస్తుంది, గాజు పూస కూడా మెరుస్తుంది. కానీ అవి చాలా కోణాల్లో మెరుస్తాయి. కటకం మెరుపు తల కొద్దిగా పక్కకు జరపగానే ఆరిపోతుంది, మళ్లీ అక్కడికే వస్తే వెలుగుతుంది. టార్చిని చేయి చాచి పట్టుకుంటే ఈ మెరుపు కంటికి చేరదు. అందుకే చెంపకు ఆనించాలి.

మనిషి కన్ను ఈ పనిలో ఎంత తడబడుతుందో 2021లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచారు. ఉత్త కళ్లతో వెదికినవాళ్లు దాచిన కెమెరాల్లో 46 శాతమే పట్టగలిగారు. కొన్ని ఫోన్లలో దూరం కొలవడానికి ఉండే లేజరు సెన్సరును వాడుకుని వాళ్లు తయారుచేసిన పద్ధతి 88.9 శాతం పట్టింది. పనికొచ్చే కబురే. అయినా పదింటిలో ఒకటి తప్పించుకుంది.

రాత్రి చూపున్న కెమెరాలకు మరో గుర్తు ఉంటుంది. చీకట్లో చూడటానికి అవి 850 లేదా 940 నానోమీటర్ల పరారుణ కాంతి వదులుతాయి. అది మన కంటికి కనబడదు గానీ చాలా ఫోన్ల ముందు కెమెరాకు కనబడుతుంది. టీవీ రిమోట్ బటను నొక్కి ఫోను ముందు పెట్టి చూస్తే తమ ఫోను ఆ కాంతిని చూడగలదో లేదో ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది.

తీగముక్కల దగ్గర మొదలైన ఈ విద్యలో అన్నిటికన్నా అందమైన మెట్టు ఇంకొకటుంది. వైఫైలో పోయే ప్రతి తునకా అంటించిన కవరు లాంటిది. లోపలి ఉత్తరం చదవలేం. కానీ పంపినవారి చిరునామా, కవరు బరువు పైకే తెలుస్తాయి. ఆ చిరునామాలో మొదటి భాగం పరికరం తయారుచేసిన కంపెనీని చెబుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు ఈఎస్‌పీ32 బోర్డుకు, గాలిలో పోయే ఈ కవర్లన్నిటినీ ఊరికే వింటూ లెక్కపెట్టే పని నేర్పవచ్చు. ఏ చిరునామా నుంచి క్షణానికి ఎన్ని కవర్లు పోతున్నాయో అది చూపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాటి వినలేకపోవడం దీని హద్దు.

అన్ని కవర్లలో కెమెరాది ఏదో ఎలా తెలుస్తుంది? వీడియోను కుదించి పంపే పద్ధతి అక్కడ ఉపయోగపడుతుంది. గదిలో ఏమీ కదలనప్పుడు కెమెరా ప్రతి బొమ్మనూ మళ్లీ పంపదు, ‘ముందటిదే’ అన్నంత చిన్న సమాచారం పంపుతుంది. ఎవరైనా గదిలో నడిస్తే, దుప్పటి దులిపితే, లైటు ఆర్పి వెలిగిస్తే బొమ్మ మారుతుంది, కవర్లు బరువెక్కుతాయి. అంటే లైటు స్విచ్ నాలుగుసార్లు నొక్కి, ఏ చిరునామా నుంచి రద్దీ అదే తాళంలో పెరిగిందో చూస్తే చాలు. ఆ గదిని చూస్తున్న కన్ను అదే. చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రద్దీ తీరును బట్టి కెమెరాను గుర్తించే ఫోను పద్ధతిని 2018లో ప్రకటించారు. లైటు మార్చి, కదలిక పుట్టించి తేల్చే పద్ధతి కూడా అదే ఏడాది వచ్చింది. 2022లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బృందం ‘లూమోస్’ అనే పద్ధతితో, వెయ్యి చదరపు అడుగుల రెండు పడకగదుల ఇంట్లో అరగంటలోపు ఇలాంటి పరికరాలను గుర్తించి, అవి ఉన్న చోటును సుమారు ఒకటిన్నర మీటరు తేడాలో చెప్పగలిగింది. ఆ ఒకటిన్నర మీటరు లోపల చివరి వెదుకులాటకు మళ్లీ మన తీగముక్కలే.

పట్టుబడితే ఏం చేయాలన్నది కూడా వెదికే విద్యలో భాగమే. కోపంలో దాన్ని పీకి నేలకేసి కొట్టడం సహజం. కానీ దాని మీది వేలిముద్రలు, లోపలి కార్డు, అది ఎవరి ఖాతాకు వీడియో పంపుతోందన్న ఆనవాలు, ఇవే రేపు కోర్టులో సాక్ష్యం. ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, కటకం మీద గుడ్డ కప్పి, గది తాళం వేసి 112కు ఫోన్ చేయాలి. వీడియో ఇప్పటికే తిరుగుతోందని తెలిస్తే సైబర్ నేరాల నంబరు 1930. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద, స్త్రీ ఏకాంతంలో ఉండగా చూడటం, చిత్రించడం, ఆ చిత్రాన్ని పంచడం నేరాలు. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పాత శిక్షాస్మృతిలో ఈ నేరాన్ని 2013లో చేర్చారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. డిటెక్టరు వింటుంది, అంతే. సంకేతాలను అడ్డుకునే జామరును ప్రభుత్వ అనుమతి లేకుండా వాడటం చట్టవిరుద్ధం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జులైలో పన్నెండు రోజులు రాజమండ్రి పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్, ఆవల కొవ్వూరు గోష్పాద క్షేత్రం జనంతో నిండిపోయాయి. తడిబట్టలతో పైకొచ్చిన ఆడవాళ్లకు ఘాట్ల వెంట తాత్కాలికంగా వేసే గదులే దిక్కు. వాటిలో కరెంటు సాకెట్లు ఉండవు కాబట్టి అక్కడ భయపడవలసింది బ్యాటరీ కెమెరాలకూ, దాచిపెట్టిన ఫోన్లకూ. వాటిని ముందు పట్టేది టార్చి, తర్వాత తీగ. కాకినాడ, రాజమండ్రి, భీమవరం కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయిలు వందల్లో ఉన్నారు. రెండు మూడు వందల రూపాయల సామానుతో ఒక్కో డిటెక్టరు వాళ్లే కట్టగలరు, ఘాట్లలోని మహిళా వాలంటీర్లకు ఒక్క పూటలో వాడకం నేర్పగలరు. ప్రతి గది తలుపు మీద ఒక కాగితం అంటించి, ఎన్ని గంటలకు వెదికారో, టార్చితో చూశారో లేదో, తీగతో చూశారో లేదో, ఎవరు చూశారో రాసి పెట్టాలి. పుష్కరాల ఏర్పాట్లు చూసే అధికారులు ఈ పనిని ఇప్పుడే ఆ కాలేజీలకు అప్పగించాలి.